దీపము వెలిగించుటకు ముందు వేడి లెక్క చూడుడు

(దర్శి ప్రాంత వ్యవసాయాధికారి, బి.ఎస్సీ. అగ్రికల్చర్)



గడచిన రెండు మూడేండ్లుగా దర్శి, పొదిలి, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల యువ రైతులు నన్ను తరచుగా అడుగుచున్న ప్రశ్న ఒకటి కలదు. "గదిలో దీపముల క్రింద పంట పండించవచ్చునట గదా సార్, ఏ దీపము కొనమంటారు? దాని మీద ఏ రేకు వేయమంటారు?" అని. కొందరు మిరప నారు కొరకు, కొందరు ఆకుకూరల కొరకు, మరికొందరు కుంకుమపువ్వు కొరకు అడుగుచున్నారు. ఫోనులో చూచిన బొమ్మలలో గదులు అద్దములవలె మెరయుచుండును, ఆకులు నిగనిగలాడుచుండును. కాని ఆ గది వెనుక గోడకు తగిలించిన యంత్రము, నెల చివర వచ్చు కరెంటు బిల్లు ఆ బొమ్మలలో కానరావు.

ఈ ప్రశ్నకు నేను మరొక ప్రశ్నతో బదులు చెప్పుచున్నాను. "ఆ దీపము పుట్టించు వేడిని ఏ దారిన బయటికి పంపెదవు?" ఈ ప్రశ్నకు జవాబు దొరకనంత వరకు దీపము కొనరాదనియే నా దృఢమైన అభిప్రాయము. ఈ అభిప్రాయము నాకు పుస్తకము వలన కలిగినది కాదు. నా సలహా వలన ఒక రైతు నష్టపడిన తరువాత కలిగినది. దానిని దాచుకొనుట న్యాయము కాదు గనుక ముందుగా చెప్పుచున్నాను.

రెండేండ్ల క్రిందట మే మాసము చివర, దర్శికి దగ్గరలోని ఒక గ్రామమునకు చెందిన యువ రైతు ఖాళీగా ఉన్న తన సామాను గదిలో మిరప నారు పోసినాడు. గది పది అడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు, పైన సిమెంటు రేకు. నలభై ప్రోట్రేలలో, ట్రేకు 98 గుంతల చొప్పున, దాదాపు నాలుగు వేల మొక్కలు. పాతవి అమ్ముచుండగా కొన్న 400 వాట్ల సోడియము దీపములు నాలుగు కట్టినాడు. నేను చూచి, "వెలుతురు గోడలకు పోయి వృథా అగుచున్నది, చుట్టూ అల్యూమినియము కాగితము అంటించు" అని చెప్పి వచ్చితిని. గాలి ఎట్లు పోవునని అడుగలేదు. నాలుగవ దినము మధ్యాహ్నము అతడు ఫోను చేసినాడు. గదిలో వేడి 47 డిగ్రీలు. సాయంత్రము నేను పోయి చూచునప్పటికి మూడింట రెండు పాళ్ల నారు వేడినీళ్లు పోసినట్లు వాలియున్నది. హైబ్రిడ్ విత్తనము ధర మీకు తెలియనిది కాదు. సలహా నాది, ఖర్చు అతనిది.

జరిగినదేమో లెక్క వేసి చూతము. ఒక్కొక్క 400 వాట్ల దీపము, దాని చోక్‌తో కలిపి సుమారు 440 వాట్లు తీసుకొనును. నాలుగింటికి 1,760 వాట్లు. అనగా మే నెల ఎండలో, రేకుల గదిలో, నీళ్లు కాచు హీటరు ఒకటి గాలిలో వ్రేలాడదీసినట్లే. పైగా నేను చెప్పిన కాగితము గోడలు పీల్చుకొనవలసిన కిరణముల వేడిని కూడ నారు మీదికే త్రిప్పినది. 

దీపములు అమ్మువారు "ఎల్.ఇ.డి. చల్లని దీపము, వేడి ఉండదు" అని చెప్పుచుందురు. ఇది సగము నిజము మాత్రమే. ఎల్.ఇ.డి. దీపము తీసుకొన్న కరెంటులో సుమారు సగము వెలుతురుగా మారును, మిగిలిన సగము దీపము వీపు వైపున వేడిగా పోవును. ఆ వెలుతురు మాత్రము ఎక్కడికి పోవును? ఆకు మీద, మట్టి మీద, గోడ మీద పడి చివరకు అదియు వేడిగానే మారును. మొక్క తన ఒంటిలో దాచుకొనునది నూటికి కొద్ది పాళ్లు మాత్రమే. కనుక మూసిన గదిలో 100 వాట్ల దీపము ఏ జాతిదైనను 100 వాట్ల వేడినే ఇచ్చును. ఎల్.ఇ.డి. మేలు ఏమనగా, అంతే వెలుతురునకు తక్కువ వాట్లు చాలును. మేలు అంతవరకే.

పొగాకు బ్యారను నడిపిన వారికి నేను ఈ విషయము విప్పి చెప్పవలసిన పని లేదు. ఆకు పసుపెక్కు దశలో 32 నుండి 38 డిగ్రీలు, ఈనె ఆరు దశలో 70 డిగ్రీల దాకా వేడి ఎట్లు పెంచవలెనో, క్రింది కిటికీల నుండి గాలిని ఎట్లు రానిచ్చి పై కిటికీల నుండి తేమను ఎట్లు వదలవలెనో వారికి చేతి అలవాటు. వేడిగాలి పైకి పోవునను సంగతి వారికి ఏ అధికారియు నేర్పలేదు. దీపముల గది కూడ బ్యారను వంటిదే. అక్కడ ఆకును చంపుటకు వేడిని లోపల నిలుపుదుము. ఇక్కడ ఆకును బ్రతికించుటకు వేడిని బయటికి తోలవలెను. బ్యారనును తలక్రిందులుగా నడుపుట అనుకొనుడు.

ఇక వెలుతురును త్రిప్పు రేకుల సంగతి. దీపము జాతిని బట్టి రేకు అవసరము మారును. సోడియము దీపము, గుండ్రని బల్బు నలుదిక్కులకు వెలుతురు చిమ్మును. పైన రేకు లేనిచో సగము వెలుతురు పైకప్పునకే పోవును. కావున వీటికి గొడుగు వంటి రేకు తప్పనిసరి. దీపమును ఎత్తుగా కట్టినచో లోతైన గొడుగు, తక్కువ ఎత్తున కట్టినచో వెడల్పైన గొడుగు మేలు. ఎల్.ఇ.డి. పలక వెలుతురును క్రిందికే పంపునట్లు తయారగును. దానికి పైన మరల రేకు కొనుట డబ్బు వృథా. అంతేగాక దాని వీపున ఉండు అల్యూమినియము రెక్కలకు గాలి తగులకుండ చేసి దీపము ఆయుస్సు తగ్గించును.

గోడల సంగతికి వచ్చినచో, ఖరీదైన మెరుపు కాగితము కొనుటకు ముందు మన ఇంటి సున్నమును తలచుకొనుడు. కొత్తగా వేసిన తెల్ల సున్నము తన మీద పడిన వెలుతురులో నూటికి 80 పాళ్ల దాకా తిరిగి ఇచ్చును. మెరుపు లేని తెల్ల పెయింటు అంతకు కొంచెము ఎక్కువ ఇచ్చును. వాటి గొప్ప గుణము ఏమనగా వెలుతురును నలువైపులకు సమముగా చల్లును గాని ఒక్కచోట కుప్ప వేయవు. బజారులో అమ్ము వెండి రంగు ఫిల్ము నూటికి 90 పాళ్లకు మించి త్రిప్పగలదు. కాని అది చదునుగా, ముడుత లేకుండ, శుభ్రముగా ఉన్నపుడే. మన ఎర్ర దుమ్ము వారము దినములు పడినచో ఆ మెరుపు ఏమి మిగులును? వంటింటి అల్యూమినియము కాగితము చౌకయే గాని చదునుగా నిలువదు, కరెంటు తీగకు తగిలినచో ప్రాణాపాయము. నిలువుటద్దము వెలుతురును తన గాజులో రెండుసార్లు నడిపించి కొంత మ్రింగును, బరువు, పగులును. కనుక మన గదులకు నా సిఫారసు సున్నము లేదా తెల్ల పెయింటు, వారమునకు ఒకసారి తడిగుడ్డ.

గొడుగునకు క్రింద గాజు బిగించి, గొట్టము ద్వారా ఫ్యానుతో వేడిని నేరుగా బయటికి లాగు ఏర్పాటు కూడ కలదు. సోడియము దీపములకు ఇది మంచి పద్ధతి. వేడి గదిలో కలియుటకు ముందే పట్టి బయటికి పంపుదుము. అయితే ఆ గాజు తన రెండు ముఖముల వద్ద నూటికి సుమారు 8 పాళ్ల వెలుతురును వెనుకకు త్రిప్పివేయును, దుమ్ము పడినచో మరింత పోవును.

ఇప్పుడు అసలు సంగతి, చల్లదనము. దీనికి మూడు మార్గములు కలవు. మూడింటికిని హద్దులు కలవు.

మొదటిది ఫ్యాను. ఒక కిలోవాటు దీపములకు గది వేడి బయటి వేడి కన్న 3 డిగ్రీలకు మించకుండవలెనన్న, నిమిషమునకు సుమారు 600 ఘనపుటడుగుల గాలి మారవలెను. ఫ్యాను ఎంత పెద్దదైనను గదిని బయటి కన్న చల్లగా చేయలేదు. బయట 42 అయినచో లోపల 45. గోడకున్న ఫ్యాను గాలిని బయటికి తోయవలెను. గదిలోనే తిరుగు ఫ్యాను వేడిని త్రిప్పునే గాని పంపదు. ఎదుటి గోడకు క్రిందుగా గాలి వచ్చు దారి, ఇవతలి గోడకు పైన గాలి పోవు దారి ఉండవలెను.

రెండవది తడి ప్యాడు, అనగా ఇండ్లలో వాడు కూలరు సూత్రము. నీరు ఆవిరి అగునపుడు వేడిని తీసుకొనిపోవును. ఒక యూనిటు కరెంటు పుట్టించిన వేడిని లాగుటకు సుమారు లీటరున్నర నీరు ఆవిరి కావలెను. ఏప్రిల్, మే నెలలలో, 40 డిగ్రీల ఎండలో గాలి తేమ 30 శాతముగా ఉన్న దినమున, మంచి ప్యాడు గాలిని 29, 30 డిగ్రీల వరకు దింపగలదు. ఇది మన మెట్ట ప్రాంతమునకు దేవుడిచ్చిన వరమే. కాని వానలు పడి గాలి తేమ ఎక్కిన దినములలో అదే కూలరు ఉక్కపోతనే పెంచును, నారునకు కుళ్లు తెగులు తెచ్చును. మన బోరునీటిలో ఉప్పులు ఎక్కువ. ప్యాడు మీద తెల్లని పెచ్చు కట్టి రంధ్రములు మూసుకొనును. తొట్టిలోని నీటిని మధ్యమధ్య పారబోసి కొత్త నీరు నింపనిచో ఒక్క వేసవికే ప్యాడు పాడగును.

మూడవది ఎ.సి. ఒక టన్ను ఎ.సి. సుమారు 3.5 కిలోవాట్ల వేడిని బయటికి తీయగలదు, అందులకు తాను సుమారు ఒక కిలోవాటు కరెంటు తినును. అనగా మూడు యూనిట్లు దీపములకు ఖర్చు చేసినచో, ఆ వేడిని తీయుటకు మరొక యూనిటు. రేకుల కప్పు నుండి దిగు ఎండ వేడికి ఇది అదనము. అందుచేత ఎ.సి. పెట్టదలచిన వారు ముందు కప్పునకు సున్నము కొట్టి, లోపల సీలింగు వేసికొనవలెను.

వీటన్నిటికి ముందు ఖర్చు లేని ఉపాయము ఒకటి కలదు. దీపములను పగలు గాక రాత్రి వెలిగించుడు. సాయంత్రము ఏడు మొదలు ఉదయము వరకు బయటి గాలి చల్లబడి యుండును గనుక ఫ్యాను పని సులభమగును. మొక్కకు పగలేదో రాత్రేదో దీపమే చెప్పును గాని గడియారము చెప్పదు. ఎల్.ఇ.డి. దీపముల కరెంటు పెట్టెను గది బయట బిగించినచో కొంత వేడి లోనికే రాదు. మరొక జాగ్రత్త. ఫ్యాను గాని ఎ.సి. గాని ఆగినచో దీపములు కూడ తమంతట తామే ఆగిపోవునట్లు, గది 35 డిగ్రీలు దాటినచో దీపము ఆరిపోవునట్లు స్విచ్చి పెట్టించుడు. ఎర్తు తీగ, షాకు కొట్టినపుడు కరెంటు ఆపు స్విచ్చి లేకుండ తడి గదిలో ఏ దీపమును వెలిగించరాదు.

ఇంత చేసిన తరువాత గిట్టుబాటు అగునా? ఈ లెక్క మీరే వేసికొనుడు. మొక్కకు అందు వెలుతురును శాస్త్రజ్ఞులు మోల్ అను కొలతతో కొలుతురు. మన ప్రాంతములో ఆకాశము నిర్మలముగా ఉన్న దినమున చదరపు మీటరు నేల మీద సుమారు 40 మోల్ వెలుతురు పడును. ఆకుకూరలకు దినమునకు 12 నుండి 17 మోల్ చాలును. కాయ కాచు మిరప, టమాటా వంటి వాటికి 20 నుండి 30 వలయును. మంచి ఎల్.ఇ.డి. దీపము ఒక యూనిటు కరెంటుతో సుమారు 9 మోల్ ఇచ్చును. సోడియము దీపము 4 నుండి 6 మాత్రమే ఇచ్చును.

ఒక సెంటు స్థలము 40 చదరపు మీటర్ల పైచిలుకు. ఆ సెంటుకు దినమునకు 17 మోల్ చొప్పున ఇయ్యవలెనన్న, ఒక్క చుక్క వెలుతురు వృథా కాకున్నను 76 యూనిట్లు కావలెను. ఆ వేడిని తీయు ఎ.సి.కి మరొక 25. మొత్తము దినమునకు సుమారు 100 యూనిట్లు. యూనిటు 8 రూపాయలనుకొన్నను దినమునకు 800, నెలకు 24 వేల రూపాయలు, ఒక్క సెంటుకు. పంపుసెట్టు కొరకు ఇచ్చిన కనెక్షను నుండి దీపములకు, ఎ.సి.కి తీగ లాగుట తప్పు. ఆ ఊహతో ఎవరును లెక్క వేసికొనరాదు. ఇక మన సూర్యుడు అదే సెంటు మీద ప్రతి దినము పోయుచున్న వెలుతురును ఎల్.ఇ.డి.తో కొనవలెనన్న దినమునకు 180 యూనిట్లు కావలెను. అంత వెలుతురును ఉచితముగా పొందుచు, తలుపు మూసికొని దీపము కొనుట బావి గట్టున కూర్చుండి నీళ్లు కొనుట వంటిది.

హాలెండు రైతు శీతకాలమున గాజు ఇంటిలో టమాటాకు దీపము పెట్టును. అక్కడ నడి శీతకాలమున పగలు ఎనిమిది గంటలు మించదు, వెలుతురు మసకగా ఉండును. పైగా దీపపు వేడి కూడ అతనికి అక్కరకు వచ్చును. అతనికి వెలుతురు కరవు, మనకు చల్లదనము కరవు. అతని కరవునకు మందును మన రోగమునకు వాడరాదు. కుంకుమపువ్వు విషయమును ఇట్లే చూడవలెను. దాని దుంప తనలో దాచుకొన్న బలముతోనే పూయును గనుక పూతకు పెద్ద దీపము అక్కరలేదు, చల్లని గది కావలెను. పూత అయిన పిమ్మట ఆకు పెరిగి పిల్ల దుంపలు ఊరుటకు నెలల తరబడి వెలుతురును చల్లదనమును కావలెను. మన ఊరి వేడిలో ఆ చల్లదనము కరెంటు బిల్లుతోనే వచ్చును. ఈ రెండవ భాగము అమ్మువారు చెప్పరు.

దీపమే పనికిరాదని నా వాదము కాదు. అరటి టిష్యూ కల్చరు ప్రయోగశాలలలో అలమరల నిండ చిన్న మొక్కలను దీపముల క్రింద, 25 డిగ్రీల చల్లదనములో పెంచుచున్నారు. అక్కడ చదరపు మీటరులో వందల మొక్కలు, మొక్కకు ధర కలదు. చేమంతికి రాత్రి మధ్యలో కొంతసేపు కొద్దిపాటి వెలుతురు ఇచ్చి పూతను ఆలస్యము చేయవచ్చును. వియత్నాం రైతులు డ్రాగన్ ఫ్రూట్ తోటలలో రాత్రి బల్బులు వెలిగించి అకాలమున పూయించుచున్నారు. ఇవి ఆరుబయట, స్వల్పమైన దీపములు. వేడి బాధ లేదు.

మరి మన మెట్ట రైతు ఏమి చేయవలెను? వెలుతురును త్రిప్పు విద్యను సూర్యుని మీదనే వాడవలెను. మిరప నారునకు 50 శాతము షేడ్‌నెట్ వేసినచో 40 మోల్‌లో ఇంకను 20 మిగులును. నారునకు అది సమృద్ధి. ప్రక్కలకు పురుగు రాని వల, తెల్లవారుజామున నీరు, ట్రేలలో కొబ్బరి పొట్టు. ఇంతకు మించిన దీపము లేదు. పొలములో మిరపకు పైన వెండి రంగు, క్రింద నలుపు ఉన్న మల్చింగ్ షీటు వేయుడు. అది ఎండను ఆకు క్రిందికి త్రిప్పి తామర పురుగును, పేనును తికమక పెట్టి మొక్క మీద వాలనీయదు. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతను ఎట్లు ఊడ్చినదో మనము మరువలేదు. చెట్టు అల్లుకొని షీటును కమ్మువరకు ఈ రక్షణ పని చేయును. బత్తాయి మొదళ్లకు సున్నము పూసినచో ఎండకు బెరడు పగులదు. కోళ్ల షెడ్డు, పశువుల పాక రేకుల మీద తెల్ల సున్నము కొట్టినచో లోపలి జీవములకు వేసవి తేలికపడును.

గ్రామ వ్యవసాయ సహాయకులకు, ఇతర గ్రామాధికారులకు ఒక మనవి. దీపముల గదికి అప్పు కొరకు ఎవరైనను కాగితము తెచ్చినచో సంతకమునకు ముందు నాలుగు సంగతులు అడుగుడు. దినమునకు ఎన్ని యూనిట్లు? మే నెల మధ్యాహ్నము గది వేడి ఎంత, దానిని ఎవరు కొలిచినారు? కరెంటు పోయిన నాలుగు గంటలు మొక్క గతి యేమి? పండిన సరుకును ఏ ఊరిలో ఎవరు కొనెదరు? నాలుగింటికి అంకెలతో జవాబు వచ్చినచో ప్రోత్సహించుడు. రానిచో ఆ యువకుని దర్శి కృషి విజ్ఞాన కేంద్రమునకో, దగ్గరి రైతు సేవా కేంద్రమునకో తీసుకొనిపోయి మాట్లాడించుడు. అతని ఉత్సాహమును ఎగతాళి చేయకుడు. బంగారము కుదువపెట్టి కొత్త పని చేయదలచిన వానికి కావలసినది లెక్క.

నేను నష్టపరచిన ఆ యువ రైతు తరువాతి సంవత్సరము అదే ఇంటి వెనుక రెండు సెంట్లలో షేడ్‌నెట్ వేసి నారు పెంచినాడు. తన పొలమునకు పోగా ఇరుగుపొరుగునకు కూడ అమ్మినాడు. దీపములు ఇప్పటికిని ఆ సామాను గదిలోనే ఉన్నవి. మొన్న కలిసినపుడు, "ఆ దినము మీరు కాగితము మాట గాక గాలి మాట చెప్పియుంటే బాగుండెడిది సార్" అని నవ్వినాడు. అతడు నవ్వినను ఆ మాట నాకు గుచ్చుకొన్నది. అందుకే ఇప్పుడు గాలి మాట చెప్పుచున్నాను. మీరు దీపము కొనబోవుటకు ముందు ఒక థర్మామీటరు కొని, ఆ గదిలో మే నెల ఒక వారము వ్రేలాడదీసి, దినమునకు మూడుసార్లు వ్రాసికొనుడు. దీపము లేకుండగనే ఆ గది 38 డిగ్రీలు దాటుచున్నచో, మిగిలిన లెక్క వేయవలసిన పనియే లేదు.